నీళ్ళు లేని విస్తరి

“ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళివ్వనంటావేటి? నీకేటైనా మతి పోయిందేటే?”

“అన్నం పెడతాను. పప్పు, వంకాయ కూర, ఆవకాయ, గడ్డపెరుగు అన్నీ పెడతాను. నీళ్ళే ఇవ్వను.”

“ఆ గుమస్తా తల్చుకుంటే రేపటికి నన్ను కర్గీ రోడ్డు స్టేషనుకి తోలీగలడు.”

“తోలితే వెళ్దాం. అక్కడ కొళాయి గుమ్మంలో ఉందేమో.”

“నీకు నవ్వులాటగా ఉందేటి?”

“మీ చెల్లెలు నిండు నెలల్తో గూడ్సు పెట్టెల కింద దూరి నీళ్ళు తెస్తోంది. అది మీకు నవ్వులాటగా ఉందేటి?”

ఆ మాటతో మా ఆయన లేచి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఆయన బిలాసపూర్ ఇంజన్ షెడ్డులో ఫిట్టరు. ఎంత పెద్ద ఇంజన్నైనా విప్పి బిగించేవారు గానీ, కలం పట్టిన మనిషిని చూస్తే ఆయనకు చేతులు చల్లబడేవి.

ఇప్పుడు మనవలు కొళాయి తిప్పి వదిలేసి ఆడుకోవడానికి పోతుంటే నేను తిడతాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

ఆ రోజుల్లో మా క్వార్టర్ల వరసకు కొళాయి లేదు. ఉన్న ఒక్క కొళాయీ ఆరు పట్టాల అవతల ఉండేది. ఆ పట్టాల మీద ఎప్పుడూ గూడ్సు పెట్టెలు నిలిపి ఉంచేవారు. చుట్టూ తిరిగి తార్‌బహార్ గేటు దగ్గర దాటి వెళ్తే ఒక బిందెకు పొద్దంతా సరిపోయేది. అందుకని ఆడవాళ్ళం బిందె ముందుకు తోసి, పెట్టెల కింద నుంచి పాకి వెళ్ళేవాళ్ళం. షంటింగు ఇంజన్ ఎప్పుడు వచ్చి తగిలించుకుంటుందో చెప్పేవాడు లేడు. చెవి ఒగ్గి దూరడమే.

మా ఆడపడుచు తొలి పురిటికి వచ్చింది. మా అత్తగారూ మామగారూ లేరు, పుట్టిల్లంటే దానికి మా క్వార్టరే. వద్దని ఎన్నిసార్లు చెప్పినా నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చూసి బిందె తీసుకుని వెళ్ళేది. ఒకరోజు అది కింద ఉండగానే పైన గొలుసులు గలగలమన్నాయి. బిందె వదిలేసి పక్కకు దొర్లింది. మనిషి దక్కింది. ఇత్తడి బిందె మాత్రం చక్రం కింద పడి అప్పడంలా అయిపోయింది. దాన్ని పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇత్తడి ఇత్తడే కదా అని తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించాను.

కొళాయి కోసం మగవాళ్ళు మూడేళ్ళ నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నారు. రైల్వే పనుల ఆఫీసులో ఆ కాగితాలు చూసే గుమస్తా మా వైపు అబ్బాయే. పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. ఎప్పుడడిగినా “శాంక్షన్ రావాలి” అనేవాడు. ఆ ఇంగ్లీషు మాట మా లైనులో పాలుతాగే పిల్లలకు కూడా వచ్చేసింది.

ఆ గుమస్తా మా ఏడిళ్ళలో వారాలు చేసుకుని తినేవాడు. మా దేశంలో చదువుకునే పిల్లలకు వారాలివ్వడం మామూలే. ఈ హిందీ ఊళ్ళో మనవాడొకడు వంట రాక హోటలు రొట్టెలు తింటున్నాడని జాలిపడి, రోజుకొక ఇంటివాళ్ళం అన్నం పెట్టేవాళ్ళం. మంగళవారం నాది. అయితే విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి పని అడగకూడదని మాకొక పద్ధతి. అడిగితే పెట్టిన అన్నానికి కూలి అడిగినట్టవుతుంది. మూడేళ్ళూ అలాగే నోరు కుట్టుకుని వడ్డించాం. ఆ అబ్బాయికేమో మా నీళ్ళ చెంబు ఎప్పుడూ నిండుగా కనబడేది. అది ఎలా నిండుతోందో అతనికేం తెలుసు?

మా వరస చివర రిటైరైన గార్డుగారు ఉండేవారు. తెలుగు పేపరు తెప్పించి అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. ఒక సోమవారం నేను చింతపండు గింజలు తీస్తూ వింటున్నాను. పెద్ద దేశాలన్నీ కలిసి ఒక దేశానికి శాంక్షన్ పెట్టాయని చదివారు. మంచిదే, ఏమిచ్చారు అని అడిగాను. ఇవ్వడం కాదమ్మా, వాళ్ళకు వెళ్ళే సరుకు ఆపేయడం, అదొక శిక్ష అన్నారు. ఇవ్వడానికీ ఆపడానికీ ఒకే మాటేమిటని అడిగితే, ఇంగ్లీషు వాళ్ళనే అడగాలన్నారు. ఆ మాట నాకెందుకు? ఆ దేశాలు చేసిన పని నచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు, ఒక్క సరుకు ఆపాయి.

ఆ మధ్యాహ్నమే మిగతా ఆరిళ్ళకూ వెళ్ళి చెప్పాను. అన్నం మానొద్దు, అది పాపం. పని అడగొద్దు, అది మన పద్ధతి కాదు. నీళ్ళు మాత్రం పెట్టొద్దు. ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు. ఇద్దరు భయపడ్డారు. ఒకామె, ముందు నీ మంగళవారం కానీ, తరవాత చూద్దాం అంది. సాయంత్రం మా ఆయనకు తెలిసి గొడవ పెట్టుకున్నారు. అదే నేను మొదట రాసింది.

మంగళవారం పొద్దున్న తొమ్మిది గంటలకు గుమస్తా వచ్చాడు. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు. గుమ్మంలో చెంబు లేకపోతే, మరిచిపోయాననుకున్నాడేమో, కాళ్ళు గోనెపట్టాకు తుడుచుకుని లోపలికి వచ్చాడు. మోదుగాకు విస్తరి వేసి, ఆ అప్పడం బిందె ఎదురుగా కనబడేలా పీట వేశాను. అన్నీ వడ్డించాను. ఆవకాయ మాత్రం ఒక ముక్క ఎక్కువే వేశాను. తింటూ తింటూ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. గ్లాసు లేదు. నేను కూర మారు వడ్డించాను. పెరుగన్నం దాకా వచ్చేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

చివరికి ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, “అక్కగారూ, చేతికి నీళ్ళు” అన్నాడు.

“ఇంట్లో చుక్క లేదు బాబూ. పట్టాల అవతల ఉన్నాయి. అదిగో, గుమ్మం పక్కన ఖాళీ బిందె.”

కోపం వచ్చినట్టు చూశాడు. చూపు గోడ మీదికి వెళ్ళింది. అదేమిటని అడిగాడు. మా ఆడపడుచు తలుపు పక్క నుంచి, “నా బిందె అన్నయ్యా. పది రోజులైంది నలిగి” అంది. అతను ఆ పిల్ల నిండు పొట్ట వంక చూసి తల దించుకున్నాడు. ఎడమ చేత్తో ఖాళీ బిందె తీసుకుని బయటికి నడిచాడు.

అన్ని గుమ్మాల్లోనూ ఆడవాళ్ళు నిలబడ్డారు. అతను మొదటి వరస పెట్టెల కింద దూరాడు, రెండోదీ దాటాడు. మూడో వరస దగ్గర వంగబోతుంటే పెట్టెలు కదిలాయి. వెనక్కి రాబోతే వెనక వరసా కదిలింది. పెట్టెల సందుల్లోంచి చూస్తున్నాం, రెండు గూడ్సుల మధ్య ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడిపోయాడు. నేను దేవుడికి మొక్కుకున్నాను, అబద్ధమెందుకు. కాసేపటికి అవి ఆగాక ముందుకే వెళ్ళాడు.

తిరిగి రావడానికి గంట పట్టింది. చొక్కా నిండా గ్రీజు. బిందెలో పావు వంతు నీళ్ళున్నాయి. కొళాయి దగ్గర తోపులాటలో బిందె పట్టుకోవడమే గగనమైందట, చేతి మీద పెరుగన్నం ఎండి పెచ్చులు కట్టింది. చెయ్యి కడుక్కుని మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు లోపల దాచిన కుండలోంచి రెండు చెంబులు మంచినీళ్ళిచ్చాను. తాగి, తల ఎత్తకుండా అన్నాడు:

“ఆ కాయితం నా సొరుగులోనే ఉంది అక్కగారూ. దొర సంతకం పెట్టీసి నాలుగు నెలలైంది.”

ఎందుకు ఉంచావని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. ఆఫీసుకు ఆలస్యమైపోయిందని మాత్రం గుర్తు చేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి ఏమైందని అడగలేదు. షెడ్డులో అప్పటికే చెప్పుకున్నారట. పీట ముందు నీళ్ళ చెంబు ఉందో లేదో చూసుకుని మరీ భోజనానికి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న ఏడు గంటలకు మేస్త్రీ, నలుగురు ఖలాసీలు ట్రాలీ మీద ఇనప గొట్టాలు తెచ్చి, మా వరస మొదట్లో తవ్వడం మొదలుపెట్టారు. మా ఆడపడుచు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని చూసింది. తొమ్మిది గంటలకు గుమస్తా వచ్చాడు. బుధవారం ఎదురింటివాళ్ళది. ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను కాళ్ళు కడుక్కుని, భోంచేసి, ఆఫీసుకు వెళ్ళాడు.