మనిషిదే, కానీ మనిషికి కాదు

పోయిన వారం కుప్పంలో క్లాసు చెప్పి బయటికి వస్తుండగా ఫోన్ వచ్చింది. మదనపల్లె కాలేజీలో నాకు బయోకెమిస్ట్రీ చెప్పిన మేడమ్ పుంగనూరులో తమ ఇంట్లో కన్నుమూశారు. గుండె ఆగిపోయిందట. ఆ ముందు రోజే బస్సులో పలమనేరు వెళ్లి, ఒక క్లినిక్ ముందు ఎండలో నిలబడి వచ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తుంటే కూడా అదే ఉంది.

మేడమ్ నెమ్మదస్తురాలు కాదు. టీ గ్లాసుతో ల్యాబ్‌లోకి అడుగుపెట్టిన ప్రిన్సిపాల్‌ను కూడా వరండాలోకి పంపేవారు. కళ్లజోడు తలమీద పెట్టుకుని బల్లంతా వెతికేవారు. మేం చెప్తే, "ముందే చెప్పేదానికేమి?" అని మమ్మల్నే కసిరేవారు.

ఒకసారి బెంగళూరు నుంచి ఐసు పెట్టెలో చిటికెన వేలంత సీసా తెప్పించారు. అడుగున తెల్లటి పొర తప్ప ఏమీ కనిపించలేదు. మనిషి జీన్‌ను బాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారు చేయించిన ప్రోటీన్ అది. కణాలను పెరగమని చెప్పే రకం. సీసాను వెలుతురుకు ఎత్తి, "ఇది మనిషిదే, కానీ మనిషికి కాదు. ల్యాబ్‌లో పెంచే కణాలకు. గుర్తుపెట్టుకోండప్పా" అన్నారు. పరీక్షలో రాయాల్సిన మాట అనుకున్నాం.

రిటైరయ్యాక మేడమ్ పుంగనూరు చేరారు. ఎదురింట్లో జాకెట్లు కుట్టే టైలరమ్మ ఆమెకు రోజూ సాయంత్రం టీ నేస్తం. మిషన్ తొక్కి తొక్కి టైలరమ్మ మోకాళ్లు అరిగాయి. ఊళ్లో కొత్తగా తెరిచిన క్లినిక్‌లో, ఫారిన్ ప్రోటీన్ ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పుడుతుందని చెబితే నమ్మి వేయించుకుంది. మోకాలు వాచింది, చీము పట్టింది. తిరుపతిలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు. ఆ కాలు ఇక వంగదు. మిషన్ మీద ఇప్పుడు దుప్పటి కప్పి ఉంది.

టైలరమ్మ కూతురు క్లినిక్‌లో గొడవపడి ఖాళీ సీసా తెచ్చింది. లేబుల్ మీద ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు. ఆదివారం కావడంతో నేనూ మేడమ్ ఇంట్లోనే ఉన్నాను. మేడమ్ చెప్పులు వేసుకుని నేరుగా క్లినిక్‌కు నడిచారు, నేను వెనకే వెళ్లాను.

"ఇది ల్యాబ్ సామాను. యాల ఎక్కించినావు?"

డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "మనిషి ప్రోటీనే కదమ్మా. మనిషికి ఏమవుతాది?"

"బాక్టీరియాలో చేసినారు దీన్ని. దాని మురికి ఎంత మిగిలుండాదో ఎవరు సూసినారు? ఒంట్లోకి పోయే మందుకు వేరే శుద్ధి ఉంటాది, వేరే పరీక్షలుంటాయి. దీనికి యాడుండాయి?"

"మీరు డాక్టరా?"

"కాదు. దాని మీద రాసుండేది ఇప్పుడు సదివినా. నువ్వు సదివే ఎక్కించినావు."

మేడమ్ అధికారులకు ఫిర్యాదు ఇచ్చారు. ఎవరూ రాలేదు. మేడమ్ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి క్లినిక్ గేటు ఎదురుగా వేసుకున్నారు. కుంటుతూ వచ్చే ప్రతి ఒక్కరినీ పిలిచేవారు. "ఏమమ్మా, మోకాలికా? ముందు సీసా చూపించమని అడుగు." ఇంకో డాక్టరు పంపితే వచ్చి కూర్చుందని క్లినిక్‌వాళ్లు పుకారు పుట్టించారు. పెద్దామెకు ఎందుకీ తగాదా అని మా కాలేజీవాళ్లే నవ్వారు. ఆ నవ్విన మొహాలే మొన్న ఫేస్‌బుక్‌లో ఆమె ఫొటో పెట్టి గొప్ప గురువు అని రాశాయి.

చివరికి అధికారులు వచ్చి తలుపుకు సీలు వేశారు. ల్యాబ్ సరుకును క్లినిక్‌కు చేర్చింది ఎవరో మాత్రం తేల్చలేదు. కొన్నాళ్లకే అదే డాక్టరు పలమనేరులో వేరే పేరుతో బోర్డు పెట్టాడు. మేడమ్ బస్సెక్కడం మొదలుపెట్టారు.

అప్పటికే గుండె జబ్బుకు మందులు వాడుతున్నారు, ముందు ఆ సంగతి చూసుకోమని ఫోన్‌లో బతిమాలాను. "నా గుండెకు ఏం మందో నాకు తెలుసు. ఆడికొచ్చే వాళ్లకు ఏమెక్కిస్తాండారో వాళ్లకు తెలీదు. పెట్టేయమ్మా, బస్సొస్తాండాది" అన్నారు. మళ్లీ ఆ గొంతు వినలేదు.

అంత్యక్రియల రోజు పలమనేరు నుంచి ఆటోలో పెద్ద పూలచక్రం వచ్చింది. అడ్డంగా కట్టిన పట్టీ మీద ఆ క్లినిక్ పేరు. ఆ పేరు సంగతి తెలియని వాళ్లెవరో దాన్ని మేడమ్ కాళ్ల దగ్గర పెట్టారు.

"ఏం రాసుండాది బేటీ?" అని టైలరమ్మ తన కూతుర్ని అడిగింది. ఆ పిల్ల చదివింది.

టైలరమ్మ లేచింది. వంగలేదు కదా, చేతికర్రను పూలచక్రంలో దూర్చి, వాకిలి దాకా ఈడ్చి, వీధిలోకి నెట్టింది. ఎవరూ ఆపలేదు. పాడె లేచాక బయటికి వచ్చినవాళ్లంతా ఆ పూలను తప్పించుకుని నడిచారు. టైలరమ్మ తప్పించుకోలేదు. కర్ర ఊనుకుంటూ, ఆ బిగుసుకుపోయిన కాలితో, వాటి మీదుగానే నడిచింది.