ఎన్నిస్‌లో మూడు గ్రాండ్‌లు

అది మార్చి నెల రెండో గురువారం. సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు. పడమటి గాలి, సన్నటి జల్లు, ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలు. ఐర్లాండులోని ఎన్నిస్ ఊళ్ళో ఒక పచ్చరంగు తలుపు ముందు, ముప్ఫై ఏళ్ళైనా నిండని నేను, తడిసిన బూట్లతో, ఎడమచేతిలో గొడుగుతో నిలబడి ఉన్నాను. ఆ రోజుల్లో ప్రపంచంలో కొలవడానికి వీలుకానిదేదీ లేదని నా గట్టి నమ్మకం. షానన్ దగ్గర ఒక చిన్న కర్మాగారంలో యంత్ర భాగాల కొలతలు సరిచూడటం నా ఉద్యోగం కావడం వల్ల ఆ నమ్మకానికి జీతం కూడా వచ్చేది.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించిన మాట 'గ్రాండ్'. మన వైపు ఆ మాటకు ఒక హోదా ఉండేది. బ్యాండుమేళం, పదిహేను రకాల వంటలు, చివర ఐస్‌క్రీమ్ ఉంటే తప్ప ఏ పెళ్ళినీ 'గ్రాండ్‌గా చేశారు' అనేవారు కాదు. ఐర్లాండులో ఉడకబెట్టిన బంగాళాదుంప గ్రాండ్. బస్సు రాకపోతే గ్రాండ్. కాలు తొక్కి క్షమాపణ అడిగితే 'యూ ఆర్ గ్రాండ్'. మా సూపర్‌వైజరు (ఎర్రటి గడ్డం వల్ల నేను ఆయనను మనసులో ఎర్రగడ్డం అనే పిలుచుకునేవాణ్ణి) సరిగ్గా ఉన్న భాగాన్నీ, వంకరపోయిన భాగాన్నీ, తన తల్లికి జరిగిన ఆపరేషన్‌నూ ఒకే గొంతుతో గ్రాండ్ అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "గ్రాండ్ అంటే దాదాపు ఎంత?" అని అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, "నువ్వేం కంగారు పడకు, గ్రాండ్‌గా ఉంటావు" అన్నాడు.

కంగారు పడక తప్పని కారణం ఒకటి నాకుంది. మా ఆవిడ, ఎనిమిది నెలల పాప ఏప్రిల్ మూడో తేదీన వస్తున్నారు. నేనేమో ముగ్గురు బ్రహ్మచారులతో ఒకే గదిలో ఉంటున్నాను. అప్పటికి ఆరు ఇళ్ళు చూశాను, ఆరూ చేజారాయి. ఈ ఏడోదాని సంగతి చెప్పింది నర్సక్క. ఆవిడది గుంటూరు వైపు, ఎన్నిస్ ఆసుపత్రిలో నర్సు. ఆమె వెళ్ళే చర్చికే వచ్చే ఒక పెద్దావిడ తనదే అయిన పక్కిల్లు అద్దెకిస్తానన్నదట. "మనిషి నచ్చితే చాలయ్యా తమ్ముడూ, ఆమె ఇంకేమీ చూడదు" అని నర్సక్క భరోసా ఇచ్చింది.

ఇల్లు చూపించాక పెద్దావిడ నన్ను తన వంటగదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద అప్పటికే రెండు కప్పులున్నాయి. "టీ తాగుతావా?" అంది. నిజానికి చలికి నా దవడలు కొట్టుకుంటున్నాయి. అయినా మొదటిసారి అడగగానే ఒప్పుకోవడం మన ఇంటా వంటా లేదు కదా! "నో, ఐయామ్ గ్రాండ్" అన్నాను, నేర్చుకున్న మాట పనికొచ్చినందుకు లోలోపల మురిసిపోతూ. "కెటిల్ వేడిగానే ఉందయ్యా" అంది. బయలుదేరేముందు మా బాబాయి చేసిన హెచ్చరిక గుర్తొచ్చింది: "తెల్లవాళ్ళది ఒకటే మాటరా, నువ్వు నసగమాకు." పైగా నా వృత్తిధర్మం ప్రకారం ఒక కొలత మూడుసార్లు తీసి, మూడుసార్లూ ఒకటే వస్తేనే అది నమ్మదగ్గ కొలత. కనుక రెండోసారీ గ్రాండ్ అన్నాను. "పోనీ, ఒక్క చుక్క?" అంటే మూడోసారీ, ఇంకా స్పష్టంగా, గ్రాండ్ అన్నాను. ఆమె ముఖంలో వెలుగు తగ్గింది. ఒక కప్పును మెల్లగా తీసి ప్రెస్‌లో (అక్కడ అలమరాను అలాగే అంటారు) పెట్టేసింది. "ఇంకా కొందరు చూడాల్సి ఉంది, కబురు చేస్తాను" అంది.

జరిగింది విని నర్సక్క నెత్తి కొట్టుకుంది.

"మూడుసార్లూ వద్దన్నావా? ఏందయ్యా నువ్వు! మీ అత్తగారింట్లో తొలిసారి కాఫీ ఇస్తే ఏం జేశావు?"

"వద్దన్నాను."

"తర్వాత?"

"ఇంకో రెండుసార్లు బతిమాలారు, తాగాను."

"మరి ఇక్కడేం రోగం?"

"అది ఇండియా కదక్కా."

"మొహమాటానికి పాస్‌పోర్టెందుకయ్యా! వీళ్ళూ మనలాగే. మూడోసారి కూడా తోసేశావంటే, నీ ఇంట్లో గడ్డిపోచ కూడా ముట్టనని చెప్పినట్టే. పో, మళ్ళీ పో!"

వెళ్ళడానికి సాకు సిద్ధంగానే ఉంది. నా గొడుగు అక్కడే మరిచిపోయాను. మర్నాడు సాయంత్రం, నర్సక్క ఇచ్చిన సున్నుండల డబ్బాతో ఆ పచ్చతలుపు తట్టాను. డబ్బా మూత తీసి చాపగానే పెద్దావిడ "అయ్యో, ఐయామ్ గ్రాండ్" అంది. అయినా మళ్ళీ చాపాను. "ఇప్పుడే తిన్నాను, గ్రాండ్." మూడోసారి, "మా అక్క చేసింది, మీరు తినకపోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాను. "సరే మరి, ఒక్కటంటే ఒక్కటే" అంటూ అందుకుంది. కొరకగానే సగం పిండై ఆమె స్వెట్టర్ మీద రాలింది. నవ్వింది. కెటిల్ వైపు తిరిగి టీ సంగతి అడిగింది. నేను సరిగ్గా రెండుసార్లు గ్రాండ్ అని, మూడోసారి "చిన్న కప్పు చాలు" అన్నాను. ప్రెస్‌లోంచి రెండో కప్పు బయటికొచ్చింది.

"పాప ఎప్పుడొస్తోంది?" అని అడిగింది.

"ఏప్రిల్ మూడు, ఉదయం ఎనిమిదీ పది."

"అయితే రెండో తేదీనే తాళాలు తీసుకో. ఇల్లు వెచ్చబెట్టుకోవద్దూ?"

ఇల్లు ఖాయమేనా అని అడిగాను. గ్రాండ్ అంది. నిజంగానా అన్నాను. గ్రాండ్ అంది. చివరిసారిగా అడుగుతున్నాను అన్నాను. ఆమె పగలబడి నవ్వుతూ మళ్ళీ అదే అంది. మూడు కొలతలూ ఒకటే వచ్చాయి. నమ్మాను.

ఇప్పుడు ఎన్నిస్ వదిలి బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటున్నాం. ఆనాటి ఎనిమిది నెలల పాప దగ్గర్లోని లీక్స్‌లిప్‌లో ఇంజినీరు. రాత్రి ఇంటికి రాగానే అన్నం పెట్టమంటావా అంటే, అచ్చమైన క్లేర్ (ఎన్నిస్ ఉన్న జిల్లా) యాసలో "ఐయామ్ గ్రాండ్, డాడ్" అంటుంది. మా ఆవిడ రెండోసారి అడుగుతుంది. మూడోసారి అడగడం నా వంతు. మూడోదానికి పళ్ళెం ముందుకొస్తుంది. గ్రాండ్ అంటే ఎంతో నాకు ఈనాటికీ అంకెల్లో తెలియదు. కొలవడమూ మానేశాను. అడగడం మాత్రం మానలేదు.

అయితే ఆ శుక్రవారం సాయంత్రం లెక్క మాత్రం పక్కాగా చెప్పగలను. టీ నాలుగు కప్పులు. సున్నుండలు ఐదు, అందులో మూడు ఆవిడవే. ఇల్లు ఒకటి. గొడుగు సున్నా: దాన్ని మళ్ళీ అక్కడే మరిచిపోయి వచ్చాను.