దమ్మామ్ నుంచి నాలుగు గంటలు

ఆ రోజు సీదా వచ్చే విమానం ఎక్కమన్నది ఎవరో నా స్నేహితుడికి ఇప్పటికీ తెలియదు. తప్పు టికెట్ తానే ఎంచుకున్నానని అనుకుంటూ బతుకుతున్నాడు. అందుకే ఇది రాసి పెట్టాలి.

నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి వరకే. వరంగల్‌లో పంక్చర్ దుకాణం నాది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అక్కడి పెద్ద అట్లాసు ముందు కూర్చుని, దారంతో ఊళ్ళ మధ్య దూరాలు కొలిచేవాణ్ణి. దమ్మామ్ నుంచి హైదరాబాద్‌కు సుమారు మూడువేల వంద కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటలు. స్నేహితుడు అక్కడికి లారీ తోలడానికి వెళ్ళినప్పుడు ఈ లెక్క గల్లీ అంతా చెప్పాను. వాళ్ళమ్మను మేం ఖాలమ్మ, అంటే పిన్ని, అనేవాళ్ళం. "నాలుగు గంటలేనా? డోర్నకల్ ప్యాసింజర్ కంటే నయమే" అని నవ్విందామె.

ఆ ఖాలమ్మ ఒక తెల్లవారుజామున పోయింది. స్నేహితుడి తమ్ముడు ఫోన్ పట్టుకుని నా దగ్గరకు ఉరికొచ్చాడు.

"అన్నా, రెండు టికెట్లున్నయట. ఒకటి ఇప్పుడే ఎక్కాలె, మస్కట్‌ల మారాలె, మనకాడ పన్నెండున్నరకు దిగుతది. ఇంకోటి సీదా. ఆడ పొద్దుగాల తొమ్మిదింటికి లేస్తది. ఏది ఎక్కుమనాలె?"

"తొమ్మిదికి నాలుగు కలుపు. ఒంటిగంట. అరగంట కోసం రెండు విమానాలెందుకు? సీదా వచ్చేదే ఎక్కుమను."

తమ్ముడు పక్కకు పోయి, నా పేరెత్తకుండా, "సీదా వచ్చేదే నయమేమో, నీ ఇష్టం" అని ఫోన్‌లో చెప్పాడు.

మసీదు పెద్దమనిషి సాయంత్రం అసర్ నమాజ్ దాకా ఆగుదామన్నాడు. "మయ్యత్‌ను ఇంట్ల అంతకంటే ఉంచొద్దు బిడ్డా. కొడుకు ముఖం చూసుకున్నంక లేపుదాం."

ఒంటిగంటకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. రెండింటికీ అంతే.

"ఏందిర, నీ లైబ్రరీ విమానం ఇంకా దిగలేదా?" అన్నాడు పెద్దమనిషి.

అప్పుడు తట్టింది. అక్కడ తొమ్మిదంటే ఇక్కడ పదకొండున్నర. భూమి తిరగడం, రేఖాంశాలు, దేశానికో గడియారం ఉండటం, ఇవన్నీ గల్లీ వాళ్ళకు టైరు తిప్పి చూపించినవాణ్ణి నేనే.

మూడున్నరకు దిగాడు. శంషాబాద్ నుంచి ఇక్కడికి మూడు గంటల రోడ్డు. అసర్ అయింది. పెద్దమనిషి అరగంట ఆగాడు. ఇంకాసేపు ఆగాడు. ఆకాశం చూసి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. జనాజా భుజాల మీదికి లేచింది.

మన్ను కప్పుతుండగా స్నేహితుడు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, రఘునాథపల్లి దాటిన. జర ఆపుండ్రి, అమ్మ ముఖం చూడాలె."

"రా" అన్నాను.

అతను వచ్చేసరికి చీకటి పడింది. ఎవరో సెల్‌ఫోన్ లైటు పట్టారు. పచ్చిమట్టి మీద అరచెయ్యి ఆనించి, "నేనే తప్పు చేసిన. మస్కట్ మీదికెళ్ళి వస్తే అందుతుంటి" అన్నాడు. తమ్ముడు నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను పక్కనున్న పార తీసుకుని అంచుల మట్టి సర్దాను.

పేర్లు రాయను. చదివితే ఎవరికి వారికే తెలుస్తుంది. ఆగగలిగినంత ఆగిన పెద్దమనిషికి, శంషాబాద్ నుంచి చాయ్‌కి కూడా ఆపకుండా తోలిన కారు డ్రైవర్‌కు, మర్నాడు నేను అట్లాసు తెరవకుండా కూర్చుంటే ఏమీ అడగని గ్రంథాలయ ఉద్యోగికి దండాలు. నా మాటను ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న తమ్ముడికి కూడా. తమ్ముడూ, ఈ కాగితం మొదట మీ అన్నకే ఇస్తున్నాను. ఇక నువ్వు దాచనక్కరలేదు.