తివాచీకి అడ్డొచ్చిన స్తంభం

పాత నగరంలో పాతకాలపు పర్షియన్ తివాచీలు అమ్మే ఖాదర్ భాయ్ దుకాణంలో ఈ మధ్యాహ్నం నేను టీ తాగుతుండగా ఆయనకు ఫోన్ వచ్చింది. నిన్న తివాచీ కొన్న ఇంజినీరు, తన హాల్లో స్తంభం అడ్డొస్తోందని, మూల కోయడానికి ఏ కత్తెర మంచిదని అడిగాడు. ఖాదర్ భాయ్ టీ వదిలేసి నా బైకెక్కారు. దారిలో రెండు సిగ్నళ్ల దగ్గర ఆగలేక దిగి నడవబోయారు.

మేం వెళ్లేసరికి కత్తెర తివాచీ మీదే ఉంది.

"కొన్నాక నాదే కదా భాయ్, కోత్తే ఏటయిపోద్ది?" అన్నాడు ఇంజినీరు.

"తమదే సార్. చేత్తో ఏసిన ముడులు. ఓ అంచు కోత్తే వరసగా ఊడొచ్చేత్తాయి," అంటూ ఖాదర్ భాయ్ వంగి ఆ మూలను కిందికి మడిచారు.

"ఓస్, మడతెడితే సరిపోద్దేటి! ఫోన్లోనే సెప్పొచ్చు కదా."

ఇప్పుడు ఏడున్నర. ఖాదర్ భాయ్ ఇందాకే నాకు మూడోసారి ఫోన్ చేశారు. "ఆ కత్తెర మనతో తెచ్చీవలిసింది బాబూ," అన్నారు.

అమ్మిన వస్తువు ఎన్నాళ్లకి మనది కాకుండా పోతుందో తెలిసినవాళ్లు కింద రాయండి. నాలుగో ఫోన్ వచ్చేలోగా నాకు జవాబు కావాలి.