కోపంతో పట్టిన ఒక్కపొద్దు

ఆకలేస్తే ఎవరైనా అన్నం తింటారు. నేను ఆకలినే ఆయుధం చేసుకుని అత్త మీద యుద్ధానికి పోయాను. ఆ యుద్ధంలో ఎవరి కడుపు మాడిందో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది. నవ్వితే నవ్వండి, నాకేం సిగ్గు లేదు.

మాది దూదేకుల ఇల్లు. పుట్టింది నంద్యాల, మెట్టింది ఆళ్లగడ్డ. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నా పెళ్లయింది. మా ఆయన దూది ఏకితే, అత్తా నేనూ పరుపులు కుట్టేవాళ్లం. నా చేతికి వేగమెక్కువ. ఆ వేగమే నా కొంప ముంచింది. నంద్యాలలో మా అక్కకు తొలికానుపు దగ్గరపడి, "నువ్వు పక్కన లేకుంటే నేను బతకనే" అని కబురు పెట్టింది.

"అత్తా, అక్క కానుపుకు పోయొస్తా" అన్నాను.

"ఇప్పుడా? పెండ్లిండ్ల కాలం. ఈ పరుపులన్నీ ఎవురు కుడతారు?"

"అక్క భయపడతాండాదత్తా."

"ఆడ మీయమ్మ ల్యాదా? లోకంలో ఎవురూ కననట్ల చెప్తాండావే!"

నేను నోరు తెరిచాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"రజబు నెల మొదలాయ. ఈ నెల్లో జగడాలు పనికిరావు. ఊరకుండు."

అదీ సంగతి. మాకు ఏడాదిలో గౌరవమైన నెలలు నాలుగు. రజబు అందులో ఒకటి. కయ్యాలు మాని మంచి పనులు చేసుకోవలసిన నెల. ఆ కట్టడి కత్తులు పట్టేవాళ్ల కోసం పెట్టారని పెద్దలంటారు. మా ఇంట్లో మాత్రం అది కోడలి నోటికే వర్తించింది.

మంచిది, నోటితో వద్దంటే కడుపుతో పోట్లాడతా అనుకున్నాను. రజబులో ఇష్టమున్నవాళ్లు నఫిల్ ఒక్కపొద్దులు ఉంటారు. రంజాను మాదిరి తప్పనిసరి కాదు గానీ పద్ధతి అదే. తెల్లవారకముందు తిని, మళ్లీ పొద్దు గూకినాకే మంచినీళ్లైనా. రోజూ ఒక్కపొద్దుంటే నేను చిక్కిపోతాను. నన్ను చూసి మా ఆయన కరిగిపోయి, తనే బస్సెక్కిస్తాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయితే నఫిల్ ఉండాలంటే భార్యకు మొగుడి ఒప్పుదల కావాలి. "ఉండనా?" అని మూతి ముడుచుకుని అడిగాను. కారణమేందని అడుగుతాడని నా ఆశ.

"ఉండు, ఉండు! మనింటికి పుణ్యమే గదా!" అని ఆయన మొహం వెలిగిపోయింది.

అక్కడే నా ఎత్తు చిత్తయింది. అర్థం చేసుకుంటే కదా! కరగాల్సిన మొగుడు రోజురోజుకీ మురిసిపోతున్నాడు. అత్త అయితే, "మధ్యాన్నం తినే పని ల్యాకపాయ, ఇంకో పరుపు కుట్టొచ్చులే" అని దూది నా ముందుకు తోసింది. నేను జాలి కోసం నీరసంగా గోడకు ఆనుకుంటే, "చూడండి, ఎంత నిదానంగా కూచుందో!" అని వచ్చినవాళ్లకు చూపించేది. ఎదురింటి పుల్లమ్మక్క తన పిల్లోణ్ని తెచ్చి, "వీడు ఊరికే ఏడుస్తాండాడు, తలమీద చెయ్యి పెట్టుమ్మా" అంది. పెట్టాను. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. పాపం, నా కడుపు సంగతి వాడొక్కడికే తెలిసినట్టుంది. పరుపులకొచ్చిన నంద్యాల వాళ్లు నా కీర్తిని ఊరికి మోసుకుపోయారు.

ఒకనాడు మధ్యాహ్నం మా మేనమామ నంద్యాల నుంచి వచ్చాడు. "ఈ పాప అక్కకు నొప్పులు మొదలయ్యేట్టుండాయి. పాపను పంపించమ్మా" అని అత్తనడిగాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. అత్త మాత్రం కదల్లేదు.

"ఒక్కపొద్దు మీదుండే పిల్లన్నా! ఈ ఎండకు బస్సులో పడిపోతే ఎవురు దిక్కు? రజబు అయిపోనీ, పంపిస్తాం."

"అదీ నిజమేలే" అని మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. వినండి, నంద్యాల పోవడానికి పట్టిన ఒక్కపొద్దే నన్ను నంద్యాల పోనివ్వలేదు!

నాకు ఒళ్లు మండిపోయింది. గబగబా వంటింట్లోకి పోయి జొన్నరొట్టె, గోంగూర తెచ్చి, అందరి నట్టనడుమ కూర్చుని తినడం మొదలుపెట్టాను.

"ఏందీ నువ్వు చేస్తాండేది?" అని అత్త కేక పెట్టింది.

"తింటాండా. నఫిల్ ఒక్కపొద్దత్తా. నా ఇష్టంతో పట్టినా, నా ఇష్టంతో ఇడిసినా. దీనికి బదులు ఇంకోనాడు ఉంటాలే, అది దేవుడికీ నాకూ."

"రజబు నెల్లో తగువుకొస్తాండావా?"

"తగువు కాదత్తా, రొట్టె."

మా ఆయన దూది ఏకే బద్ద కింద పెట్టి వచ్చాడు. "ఇంత కోపముంటే నోటితో చెప్పకూడదా, మే?"

"నోరు తెరవనిస్తిరా మీరు? అక్క ఆడ నాకోసం ఎదురుచూస్తాంది. నేను పోతాండా. ఒప్పుకుంటే ఒప్పుకోండి, ల్యాకుంటే ల్యా!"

ఆయన అత్త వంక చూశాడు, నా చేతిలో రొట్టె వంక చూశాడు. "పోయిరాపో. పరుపులు నేను కుట్టుకుంటా" అన్నాడు. అంతవరకూ ఆయన మీదున్న కోపమంతా ఆ ఒక్కమాటతో పోయింది.

నంద్యాల చేరేసరికి అక్కకు నొప్పులు పడుతున్నాయి. నన్ను చూసి, "వచ్చినావా!" అని నా చెయ్యి విరిగిపోయేలా పట్టుకుంది. సందేళకు ఆడపిల్ల పుట్టింది. అక్క క్షేమం, బిడ్డ క్షేమం. నేను కూలబడి ఏడ్చాను.

అంతలో పొద్దు గూకి, ఒక్కపొద్దు విడిచే మగ్రిబు అజాన్ వినిపించింది. మా అమ్మ ఖర్జూరం తెచ్చి, "మొదట నువ్వు నోట్లో ఏసుకో తల్లీ" అంది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నేను మధ్యాన్నమే తింటినమ్మా. అది అత్త మీద కోపంతో ఉన్న ఒక్కపొద్దు" అన్నాను.

అమ్మ చేతిలో ఖర్జూరం అట్లాగే ఉండిపోయింది. "కోపంతోనా? ఆళ్లగడ్డలో నా బిడ్డ అంత నిష్ఠగా ఉంటే, కన్నతల్లిని నేను తింటూ కూచుంటానా అని ఇన్నాళ్లూ నేనూ ఉంటి గదే! నేనే కాదు, మీ మామ పెండ్లాం గూడా!"

మంచంలో అక్క నవ్వలేక నవ్వలేక పొట్ట పట్టుకుంది.

ఆ సందేళ, పసిబిడ్డ సాక్షిగా, నేను గట్టి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఒక్కపొద్దుంటే దేవుడి కోసమే ఉంటాను. కోపమొస్తే మాత్రం ముందు కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. అది ఏ నెలైనా సరే.