ఒళ్లో లక్ష్మీదేవర

ఏటా ఒక ఏకాదశి నాడు మా భజన మండలి ఆడవాళ్లం నిజామాబాద్ నుంచి మినీ బస్సు కట్టుకొని మెండోర వైపు గోదావరి స్నానానికి వెళ్తాం. పోయిన ఏడాదీ అలాగే బయలుదేరాం. మంచినీళ్లు తప్ప ఎవరూ ఏమీ ముట్టలేదు. బీడీలు చుట్టే చేతులకు ఆ రోజు సెలవు కాబట్టి తాళాలు కాస్త గట్టిగానే మోగుతున్నాయి.

ఆర్మూర్ దాటాక రోడ్డు పక్కన ఒక ట్రాలీ ఆటో ఒరిగిపోయి కనిపించింది. దాని ముందు కొందరు మనుషులు ఎండలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి గుండెకు ఒక్కో పసుపు గుడ్డ మూట. మా డ్రైవర్ గాభరాగా బండి ఆపాడు.

"ఏమైందే? పిల్లలకేమన్న దెబ్బలు తాకినయా?"

"పిల్లలు గాదు తమ్మీ, దేవుండ్లు" అన్నాడు వాళ్లలో ముసలాయన. "ఇరుసు ఇరిగింది."

వాళ్లు సిరికొండ గుట్టల దిక్కు నాయకపోడు గిరిజనులు. కొయ్యతో చెక్కి రంగులు వేసిన దేవతల ముఖాలకు గోదావరిలో స్నానం చేయించి, వాటిని కట్టుకొని ఒడ్డున ఆడతారు. ముసలాయన చేతుల్లో ఉన్నది లక్ష్మీదేవర. గుర్రం తల. అన్నిటికన్నా బరువైనది అదే, దాన్ని కట్టుకొని ఆడేదీ ఆయనే. ఇంట్లోంచి లేచిన దేవత నీళ్లు చేరేదాకా నేలను తాకకూడదు, తిన్నవాళ్లు పట్టుకోకూడదు. తాకిందా, ఆ ఏటికి స్నానమూ లేదు, ఆటా లేదు, వెనక్కి ఇంటికే. ఆయన మోచేతులు అప్పటికే వణుకుతున్నాయి.

మిగతావాళ్ల చేతుల్లో ఎవరి దేవత వాళ్లకు ఉంది. ఆయనకు బదులు పట్టవలసినవాడు డోలు వాయించే అల్లుడు. అతనేమో దారిలో చాయ్ తాగుతూ బిస్కెట్ తిన్నాడట.

"ఒక్కటే తిన్న మామా."

"ఒక్కటైతేంది? లోపలికి పోయిందా, లేదా?"

"చాయ్‌ల నానిపోయింది. అది తిన్నట్టు లెక్కనా?"

"నీ మొకం! డోలు వట్టుకొని అటు దూరం నిలవడు."

మేమంతా నవ్వాం. ముసలాయన నవ్వలేదు. కిటికీలోంచి మా మండలి పెద్దను చూశాడు. మేమంతా అవ్వ అని పిలుస్తాం ఆమెను.

"అక్కా, పొద్దుగాల ఏమన్న తిన్నరా?"

"ఏకాదశి. మంచినీళ్లే."

"అట్లయితే జర పట్టుతరా? నా చేతులు ఆగుతలెవ్వు."

మా మండలిలో ఒకే నామం, రామనామం. బోధన్‌లో చెరకు లారీలు పోయే రోడ్డు పక్క ఇంట్లో మా బాపు నాకు అక్షరాలు నేర్పిందే పురాణం చదివించడానికి. పూనకాల దగ్గర, కొయ్య ముఖాల దగ్గర చేతులు జోడించవద్దని అవ్వ మాకు ఎన్నోసార్లు చెప్పింది. అందరం ఆమె వైపు చూశాం. ఆమె ముసలాయన వైపు తిరిగింది.

"మొక్కాల్నా, ఉత్తగ పట్టుకుంటే సాలునా?"

"పట్టుకుంటే సాలక్కా. మొక్కుడు నీ ఇష్టం."

"గట్లయితే ఎక్కుండ్రి. గిది ఈమెకియ్యి" అని నన్ను చూపించింది.

"మెడ కింద చెయ్యి పెట్టు బిడ్డా" అంటూ పురుటి బిడ్డను అందించినట్టు అందించాడాయన. నూనె, పసుపు, పొగ కలిసిన వాసన. బస్సు కుదుపుకు గుడ్డ జారి, రంగు వేసిన పెద్ద కన్నొకటి నన్నే చూసింది. నాకు భయం వేసింది. అలవాటుగా రామా అనుకున్నాను. ఆ వెంటనే, రామా, ఇది జారకుండా చూడు అనుకున్నాను. తప్పేమో అనిపించింది గాని, ఆ ప్రార్థన మాత్రం ఆపలేదు. వెనక సీటులో వాళ్లలో ఒకరు మూటను ఒళ్లో పెట్టుకొని పిల్లనగ్రోవి ఊదడం మొదలుపెట్టారు. మా తాళాలు వాటంతటవే నెమ్మదించాయి.

ఒడ్డు దగ్గర బస్సు దిగేటప్పుడు తెలిసింది, నా కాళ్లు మొద్దుబారిపోయాయని. రెండో మెట్టు మీద మోకాళ్లు మడతపడ్డాయి. నేను ఇసుకలో కూలబడుతూనే చేతులు పైకెత్తాను. బరువు ముందుకు తూలింది. ముసలాయన "అమ్మా!" అని అరిచాడు.

గుర్రం తల కింద పడలేదు. ముందే దిగి నిలబడ్డ అవ్వ రెండు చేతులూ దాని కింద ఉన్నాయి. ఒక్క గుంజు గుంజి గుండెకు అదుముకుంది.

"ఇటు తే అక్కా" అంటూ ముసలాయన ఎదురొచ్చాడు.

"ఆగు. మళ్ల చేతులు మార్చుడెందుకు?"

ఆమె అలాగే నడిచింది. చెప్పులు ఒడ్డునే వదిలి, చీర తడుస్తున్నా చూసుకోకుండా మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. అప్పుడు గుర్రం తలను మెల్లగా వంచి, మెడ మీదుగా దోసెడు నీళ్లు పోసింది. ఆమె వెంటే నీళ్లలోకి దిగిన ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

తరువాత ఆయన దాన్ని తలకు కట్టుకొని ఆడాడు. అంతసేపు వణికిన చేతులు అవేనా అనిపించింది. డోలుకు గుర్రం మెడ తిప్పింది, పిల్లనగ్రోవికి తల దించింది, ఇసుకలో గజ్జెలు మోగాయి. తడి చీరతోనే నిలబడి చూసింది అవ్వ.

వాళ్లు ఆ రాత్రికి ఏటి ఒడ్డునే ఆగిపోయారు. మేము బస్సెక్కాం. నామం ఎత్తుకోమంది అవ్వ. ఎత్తుకున్నాను. నోట మా నామమే వచ్చింది గాని, చేతులు మాత్రం ఆ డోలు దరువే వేశాయి. దరువు అరవీసం తప్పినా ఊరుకోని మనిషి ఆమె. తొడ మీద తనూ అదే దరువు వేస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.