కడిగి పంపిన ఇసుక

కడిగిన ఇసుకను పరీక్షించి, కడగని ఇసుకలోకి మనుషుల్ని దింపారు. ఒక మనిషి చచ్చిపోయాడు. తప్పు అతని బామ్మర్ది మీద రాశారు.

2020, సూరత్. లాక్‌డౌన్ అప్పుడే సడలించారు. నా చదువు ఏడో తరగతి. మట్టి పరీక్షల ల్యాబులో ఊడ్చేవాడిగా చేరి, వాళ్లు పారేసిన పుస్తకాలు చదివి టెక్నీషియన్ అయినవాణ్ణి. కరోనా భయంతో మా ఇంజనీరు సాబ్ సైట్లకు పోవడం మానేశాడు. మట్టిని సైటువాళ్లే బకెట్లో కడిగి, సంచిలో కట్టి పంపాలని హుకుం. కూరగాయలు కడిగినట్టే!

ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర గోదాం పునాదికి గొయ్యి తవ్వుతున్న మల్లేశం అట్లనే కడిగి పంపాడు. సూరత్‌లోని గోడాదరాలో మగ్గాలు బందైతే, బావ రాజయ్యను వెంటబెట్టుకుని ఈ పనికి వచ్చినవాడు.

సిల్ట్ అంటే పిండిలాంటి సన్న ఒండ్రు. ఇసుక రేణువుల సందుల్లో అది కూరుకుంటే నీళ్లు తొందరగా దిగవు. గొయ్యి అడుగు ఎండినట్టే ఉంటుంది, గోడలు మాత్రం లోపల నీళ్లు పట్టుకునే ఉంటాయి. గట్టిగా అదిరితే చాలు, రేణువుల పట్టు విడిచి గోడ జావలా జారుతుంది.

సన్న జల్లెడ మీద ఆ ఇసుకను కడిగితే నీళ్లు తాగేటంత తేటగా దిగాయి. తాపీ నది ఒడ్డు ఇసుకలో సిల్ట్ ఉంటుందని నాకు తెలియదా?

“సాబ్, ఇందుల సిల్ట్ అంతా బకెట్లనే పోయింది. మళ్ల తెప్పిద్దాం.”

“ఇసుకక్కూడా మాస్కు పెట్టమంటావా కాకా? సంతకం పెట్టు.”

పెట్టాను. ఆ సంతకం నాదే.

సిల్ట్ లేదన్న రిపోర్టును నమ్మి, ఒక్కరోజే మోటారుతో గొయ్యిలో నీళ్లు తోడి మనుషుల్ని దింపారు. గట్టు మీదికి కంకర లారీ వచ్చింది. గోడ జారి రాజయ్యను కప్పేసింది. “మల్లేశం గోడ నిటారుగా తవ్వినందున” అని సైటువాళ్లు రాసుకున్నారు.

మల్లేశం ల్యాబు గేటు దగ్గరికి వచ్చాడు. “కాకా, నా మొగుణ్ణి నువ్వే పూడ్చినవ్ అంటున్నది మా అక్క. వాళ్లు ఎట్ల చెప్తే అట్లనే తవ్విన. జర నిజం కాగితం మీద రాయించు.”

ఆ గొయ్యి నుంచే కడగని మట్టి తెచ్చి పరీక్షించాను. మూడో వంతు సిల్టే. రిపోర్టు దిద్దమని ల్యాబు యజమానులకు ఏడాదిన్నర ఉత్తరాలు రాశాను. నేను నేర్చుకున్నది ఒక్కటే: తాపీ ఇసుక కడిగితే నీళ్లు బురదగా రాకపోతే కలం ముట్టగూడదు.

చివరికి జవాబు వచ్చింది:

“మీ లేఖ అందింది. సదరు శాంపిల్‌ను మా ఆదేశం ప్రకారం కడిగే పంపినట్టు రికార్డులో ఉంది. కనుక పరీక్షలో లోపమేమీ లేదు.”